మబ్బును నమ్ముకున్నా ముంత ఒలకబోయొద్దు!

పోయిన ఎండాకాలం ఓ రోజు పొద్దున్నే నల్లా వచ్చింది. మా కాగజ్‌నగర్ ఎండల సంగతి ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. నల్లా వచ్చిందంటే చాలు, బిందెలూ బకెట్లూ డ్రమ్ములూ అన్నీ వరసకట్టాల్సిందే. నా చేతిలో పైపు, చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల మా మరదలు పెళ్లి చీరల ముచ్చట చెబుతోంది. "ఆఁ... ఆఁ..." అంటూ పైపు సర్దుదామని వంగానో లేదో, ఫోను జారి నిండు డ్రమ్ములో బుడుంగున మునిగింది.

గబగబా తీసి తుడిచాను. అందరూ చెప్పే చిట్కానే కదా అని బియ్యం డబ్బాలో రెండు రోజులు దాచాను. అదీ పొరపాటేనట! బియ్యపు పిండి, నూకలు ఫోను రంధ్రాల్లోకి పోయి ఇంకా చెడగొడతాయని యాపిల్ కంపెనీ తన ఫోన్ల విషయంలో బియ్యంలో పెట్టొద్దనే చెబుతోంది. మూడోరోజు రిపేరు చేసేవాళ్లకు చూపిస్తే "బోర్డు పోయింది, లాభం లేదు" అన్నారు.

"పోతే పోనీయ్, పాతదే గదా! కొత్తది తీసుకుందాం" అన్నారు మా ఇంటాయన. నేనూ అలాగే అనుకున్నాను. కొత్త ఫోను వచ్చింది. పాత సిమ్ము అందులో వేశాను. తీరా చూస్తే ఏముంది? ఆరొందలకు పైగా ఉండాల్సిన నంబర్లలో మిగిలినవి 38! అవి కూడా ఎప్పుడో బటన్ ఫోను రోజుల్లో సిమ్ములో పెట్టుకున్నవి. గ్యాస్ బండి, పాత పాలాయన, అమ్మాయి చిన్నప్పటి బడి... అంతే.

అప్పటికి మా అమ్మాయి పెళ్లి నెలన్నర ఉంది. పత్రికలు అచ్చయి వచ్చాయి. ఎవరిని పిలవాలో మనసులో ఉంది. ఎలా పిలవాలో తెలీదు. ఒకప్పుడైతే పత్రిక మీద చిరునామా రాసి పోస్టు డబ్బాలో వేసేవాళ్లం. ఇప్పుడు ఎంత దగ్గరివాళ్లదైనా ఇంటి నంబరు, వీధి పేరు మనకు గుర్తుంటున్నాయా? మనిషికి మనకు మధ్య ఉన్నది ఆ పది అంకెలే. అవి పోతే మనిషి పోయినట్టే.

అన్నిటికంటే నాకు దిగులేసింది మా క్వార్టర్ వదిన గురించి. మేం మిల్లు కాలనీలో ఉన్నప్పుడు గోడకు గోడ పంచుకున్న మనిషి. మా ఊరికి ఆ పేరే మిల్లు వల్ల వచ్చింది. అంతకు ముందు ఇది కొత్తపేట. సిర్పూర్ పేపర్ మిల్లు వచ్చాక కాగజ్‌నగర్ అయింది. ఆ మిల్లు 2014లో మూతపడింది. 2018లో కొత్త యాజమాన్యం చేతిలో మళ్లీ తెరుచుకుంది. ఆ మధ్యలో ఎన్ని కుటుంబాలు ఎటెటు పోయాయో! మా వరసలోనే ఒకరు హైదరాబాద్, ఒకరు మంచిర్యాల, ఒకరు మహారాష్ట్ర. జీతాలు లేని ఆ రోజుల్లో మా పొయ్యి మీద పప్పు ఉడికిందా లేదా అని వాసన బట్టి కనిపెట్టి, గిన్నె నిండా కూర తెచ్చి "ఎక్కువైంది వదినా" అని పెట్టిపోయిన మనిషి ఆమె. ఆమెకు చెప్పకుండా మా అమ్మాయి పెళ్లా?

నంబర్లు ఏమైనట్టు?

హైదరాబాద్ నుంచి అమ్మాయి వచ్చింది. "అమ్మా, కంగారు పడకు. నీ గూగుల్ అకౌంట్‌లో ఉంటయి. నీ జీమెయిల్ ఏంది?" అంది.

"నాకేం ఎరుక? ఫోను కొన్ననాడు షాపుల పిల్లగాడే ఏందో పెట్టి ఇచ్చిండు."

"పాస్‌వర్డ్?"

"అదీ ఆ పిల్లగానికే ఎరుక."

అమ్మాయి నెత్తి కొట్టుకుంది. ఆ పిల్లాడు పని మానేసి ఎటో వెళ్లిపోయాడు. తప్పు అతనిది కూడా కాదు. నాలాంటి వాళ్లు రోజుకు పదిమంది వచ్చి "బాబూ, నువ్వే చెయ్యి" అంటే అతను మాత్రం ఏం చేస్తాడు? ఇల్లు కొనుక్కుని తాళంచెవి తీసుకోవడం మర్చిపోయింది నేను.

ఇది నా ఒక్కదాని కథే అనుకున్నాను. తర్వాత మా వీధిలో తొమ్మిదిమందిని అడిగితే ఆరుగురికి తమ జీమెయిల్ పేరు తెలీదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మూడు చోట్లు

మనం సేవ్ చేసే నంబరు మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఒకటి సిమ్ము. గోరంత చీటీ అది. చాలా సిమ్ముల్లో సుమారు 250 నంబర్లు పడతాయి. పేరుకు కూడా చోటు తక్కువే. పొడుగు పేరైతే సగంలో తెగిపోతుంది.

రెండోది ఫోను లోపలి జాగా. ఫోను ఉన్నంతవరకు బాగానే ఉంటుంది. ఫోను నీళ్లలో పడితే, బస్సులో పోతే అవీ దానితోనే పోతాయి. నావి ఉన్నది ఇక్కడే.

మూడోది మన పేరు మీద ఉండే ఖాతా. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ ఖాతా, యాపిల్ ఫోన్లకు ఐక్లౌడ్. 'క్లౌడ్‌లో ఉన్నాయి' అంటే అర్థం ఇదే. క్లౌడ్ అంటే మబ్బు అని పేరే గానీ ఆకాశంలో ఏమీ ఉండదు. ఆ కంపెనీల పెద్ద పెద్ద కంప్యూటర్లున్న భవనాల్లో మన నంబర్లకు నకలు ఉంటుంది. ఫోను పోయినా నకలు పోదు. కొత్త ఫోనులో అదే ఖాతా పేరు, పాస్‌వర్డ్ కొడితే నంబర్లన్నీ వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. గూగుల్ ఖాతాలో 25,000 పేర్ల దాకా పెట్టుకోవచ్చు. మన చుట్టాలందరినీ కలిపినా అన్ని ఉండవు కదా!

ఎలా పెట్టుకోవాలి?

మా అమ్మాయి నాకు నేర్పిన వరసే మీకూ చెబుతాను. ఫోను కంపెనీని బట్టి మాటలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

గూగుల్ వాళ్ల కాంటాక్ట్స్ యాప్ తెరవండి. పైన కుడిమూల మీ ఫొటో గానీ, పేరులో మొదటి అక్షరం గానీ గుండ్రంగా కనిపిస్తుంది. దాన్ని నొక్కితే మీ జీమెయిల్ పేరు వస్తుంది. ముందు అది కాగితం మీద రాసుకోండి. అక్కడే ఉన్న కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే 'గూగుల్ కాంటాక్ట్స్ సింక్' అని ఉంటుంది. అది ఆన్‌లో ఉండాలి. దాని దగ్గరే 'ఆల్సో సింక్ డివైస్ కాంటాక్ట్స్' అని ఇంకోటి. దాన్నీ ఆన్ చేస్తే ఫోనులో విడిగా పడి ఉన్న నంబర్లు కూడా ఖాతాలోకి చేరతాయి. సిమ్ములో ఉన్నవాటికి 'ఇంపోర్ట్ ఫ్రమ్ సిమ్' అని వేరే ఉంది.

ఇక ముందు సేవ్ చేసేవి ఎక్కడికి పోవాలన్నది కూడా ఒకసారి చెప్పి పెట్టాలి. కొత్త నంబరు రాసేటప్పుడు పైన 'ఫోన్', 'సిమ్', లేదా మీ జీమెయిల్ పేరు కనిపిస్తుంది. అక్కడ జీమెయిల్ ఎంచుకోండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పాతవన్నీ ఖాతాలో ఉంటాయి, కొత్తవన్నీ ఫోనులో పోగవుతుంటాయి.

యాపిల్ ఫోనైతే సెట్టింగ్స్‌లో పైనే ఉన్న మీ పేరు నొక్కి, ఐక్లౌడ్‌లోకి వెళ్లి, కాంటాక్ట్స్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుంటే సరి.

అంతా అయ్యాక నిజంగా వెళ్లాయా అని అనుమానమా? ఇంట్లో కంప్యూటర్ ఉంటే 'కాంటాక్ట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్' తెరిచి మీ జీమెయిల్‌తో లోపలికి వెళ్లండి. అక్కడ మీ వాళ్ల పేర్లన్నీ కనిపిస్తే నిశ్చింతగా పడుకోవచ్చు. వేరేవాళ్ల కంప్యూటరైతే పనయ్యాక సైన్ అవుట్ చేయడం మర్చిపోకండి.

ఇంకోమాట. "నేను వాట్సాప్ బ్యాకప్ పెట్టుకున్నా, నాకేం భయం?" అంటారు కొందరు. అది ముచ్చట్లకు, ఫొటోలకు. ఫోను పుస్తకంలోని నంబర్ల సంగతి వేరే చూసుకోవాల్సిందే. అయితే నాకు వాట్సాప్ ఒక మేలు చేసింది. పాత సిమ్ముతోనే మళ్లీ తెరిచాను కాబట్టి గ్రూపులన్నీ అలాగే ఉన్నాయి. గ్రూపులో ఎవరెవరున్నారో చూస్తే వాళ్ల నంబర్లు కనిపిస్తాయి. అలా కూర్చుని పుట్టింటి గ్రూపు, బతుకమ్మ గ్రూపు, చీటీల గ్రూపు వెతికి దాదాపు రెండొందలు తిరిగి రాబట్టాను. క్వార్టర్ వదిన మాత్రం ఏ గ్రూపులోనూ లేదు.

అద్దం వేరు, ఊరగాయ జాడీ వేరు

సింక్, బ్యాకప్ రెండూ ఒకటే అనుకున్నాను నేను. కాదు.

సింక్ అంటే అద్దం. ఇక్కడ బొట్టు పెట్టుకుంటే అక్కడా కనిపిస్తుంది, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. బ్యాకప్ అంటే ఊరగాయ జాడీ. గిన్నెలోది అయిపోయినా అటక మీది జాడీ అలాగే ఉంటుంది.

ఈ తేడా తెలియక మా వెనకింటి అక్క చిక్కులో పడింది. కొత్త ఫోను కొనుక్కుని పాతది కొడుక్కి ఇచ్చింది. "నా నంబర్లు వీనికెందుకు" అని పాత ఫోనులోంచి ఒక్కొక్కటీ తీసేసింది. సాయంత్రానికి కొత్త ఫోనులో కూడా మాయం! రెండింట్లోనూ ఒకే ఖాతా ఉంది మరి.

అదృష్టం బాగుండి వెంటనే చెప్పింది. గూగుల్ కాంటాక్ట్స్‌లో తీసేసినవి 'ట్రాష్' అనే చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి. అక్కడి నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇంకా 'అన్‌డూ చేంజెస్' అని ఉంది. నిన్న ఎలా ఉందో, వారం కింద ఎలా ఉందో అలా మొత్తం పుస్తకాన్ని వెనక్కి తిప్పొచ్చు. అదీ 30 రోజుల్లోపే. ఆ గడువు దాటితే ఎవరూ ఏం చేయలేరు.

పాత ఫోను ఎవరికైనా ఇచ్చేటప్పుడు నంబర్లు తుడవకండి. ముందు ఖాతాను ఆ ఫోనులోంచి తీసేయండి. తర్వాత 'ఫ్యాక్టరీ రీసెట్' చేయండి. ఫోను ఖాళీ అవుతుంది, ఖాతాలోవి చెక్కుచెదరవు.

ఇక జాడీ సంగతి. కాంటాక్ట్స్ యాప్‌లో 'ఎక్స్‌పోర్ట్' అని ఉంటుంది. నొక్కితే నంబర్లన్నీ ఒక మూటగా తయారవుతాయి. దాన్ని వీసీఎఫ్ ఫైలు అంటారు. ఆ మూటను మీ మెయిల్‌కే పంపుకోండి, లేదా కంప్యూటర్‌లో దాచుకోండి. ఏడాదికోసారి ఉగాదికి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఈ పని కూడా కానిస్తే సరిపోతుంది.

తాళంచెవి మీ దగ్గరే ఉండాలి

ఖాతా మీ పేరు మీదే, మీకు తెలిసిన పాస్‌వర్డ్‌తోనే ఉండాలి. పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెచ్చుకోవడానికి 'రికవరీ ఫోన్' అని ఒక నంబరు అడుగుతుంది. మీ సొంత నంబరే ఇవ్వండి. రెండో మెయిల్ అడిగితే కొడుకుదో కూతురిదో ఇవ్వొచ్చు. నా పాత ఖాతాలో షాపు పిల్లాడు ఈ రెండూ పెట్టలేదు. అందుకే ఎంత తంటాలు పడ్డా తలుపు తెరుచుకోలేదు.

భార్యాభర్తలు ఒకే ఖాతా వాడుతుంటారు. అప్పుడు ఆయన నంబర్లు ఈమెకు, ఈమెవి ఆయనకు కలగాపులగం అవుతాయి. ఎవరు ఏది తీసేసినా ఇద్దరికీ పోతుంది. ఎవరిది వాళ్లకు ఉండటమే మేలు.

రెండేళ్లపాటు అసలు వాడని ఖాతాలను తీసేసే నిబంధన గూగుల్ 2023లో తెచ్చింది. అంటే దాచిపెట్టి మర్చిపోతే కుదరదు. రోజూ వాడే ఫోనులో ఉన్న ఖాతాకైతే భయం లేదు.

మన ఆడవాళ్లలో ఇంకో అలవాటు ఉంది. ఏటీఎం నంబరు మర్చిపోతామని దాన్నే ఫోను నంబరులా 'ఏటీఎం అక్క' అని సేవ్ చేసుకుంటాం. నవ్వకండి, నేనూ చేశాను! కనిపించిన ప్రతి యాప్ 'కాంటాక్ట్స్ చూడొచ్చా' అని అడుగుతుంది, మనం సరే అంటాం. ఆ రహస్యం ఎందరి చేతుల్లో పడుతుందో! ఆ పని ఈరోజే మానేయండి. టార్చిలైటు యాప్‌కు, ఆటల యాప్‌కు మన చుట్టాల నంబర్లతో పనేమిటి? అడిగితే వద్దనండి.

'అక్క 3' ఎవరు?

నంబర్లు ఖాతాలోకి ఎక్కించేటప్పుడు అమ్మాయి ఒక్కో పేరూ అడుగుతుంటే నాకే సిగ్గేసింది. 'కూరగాయల అక్క', 'కరెంట్ అన్న', 'అక్క 3', 'కొత్త నంబర్', 'కొత్త నంబర్ 2'. రేపు నాకేమన్నా అయితే పిల్లలు వీటిలో ఎవరిని పట్టుకోవాలి? పేరు, పక్కనే ఊరు, వీలైతే వరస రాసుకుంటే ఎంత బాగుంటుంది! ఫోను పుస్తకం మన ఒక్కరిదే కాదు. అవసరానికి ఇంటిల్లిపాదికీ పనికిరావాలి.

ఇంట్లో పెద్దవాళ్లది బటన్ ఫోనైతే చాలావాటికి గూగుల్ ఖాతా పెట్టడం కుదరదు. మా అత్తమ్మ ఫోనులోవన్నీ నా ఖాతాలోకి ఎక్కించుకున్నాను. ఒక్కొక్కరిదీ చెబుతూ ఆమె వాళ్ల పుట్టింటి ముచ్చట్లన్నీ చెప్పుకొచ్చింది. సగం రోజు పట్టింది గానీ, ఆ సగం రోజూ బాగా గడిచింది.

సంఘం పుస్తకం చెప్పిన నంబరు

క్వార్టర్ వదిన సంగతి చెప్పనేలేదు కదూ!

వెనకటి పెట్టెలో వెతుకుతుంటే ఆమె తమ్ముడి నంబరు ఒక పాత క్యాలెండర్ వెనక కనబడింది. ప్రాణం లేచి వచ్చింది. చేస్తే ఎవరో హిందీలో "రాంగ్ నంబర్" అన్నారు. వాడకం ఆగిపోయిన నంబరును 90 రోజులు గడిచాక కంపెనీలు మరొకరికి ఇవ్వొచ్చు. ఆ నంబరు అలా చేతులు మారి ఉంటుంది.

తర్వాత గుర్తొచ్చింది, మేమిద్దరం ఒకే మహిళా సంఘంలో ఉండేవాళ్లం. పాత లెక్కల పుస్తకం అప్పటి లీడరమ్మ దగ్గర ఉండాలి. వెళ్లి అడిగాను. బీరువా అడుగు నుంచి తీసింది. అట్ట చిరిగిపోయింది, అంచులు చెద తిన్నాయి. కానీ లోపల సభ్యుల పేర్లు, సంతకాలు, పక్కన నీలం ఇంకుతో ఫోను నంబర్లు. వదినది కూడా ఉంది.

పదేళ్ల కిందటి నంబరు, ఉంటుందా? భయం భయంగా చేశాను. నాలుగుసార్లు మోగింది.

"ఎవలు?"

గొంతు అదే! నేను ఫలానా అని చెప్పేసరికి అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఊరు మారినా నంబరు మార్చలే వదినా. మీరెవలన్న చేస్తరేమో అని" అంది.

ఆమె ఇప్పుడు చంద్రాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. కంపెనీ మారినా నంబరు మార్చుకోకుండా ఉండే వీలు మన దేశమంతటా 2011 జనవరిలో వచ్చింది. రాష్ట్రం మారినా అదే నంబరు ఉంచుకునే వీలు 2015 జూలైలో వచ్చింది. ఇవన్నీ వదినకు తెలీవు. కొడుకు "ఇక్కడి నంబరు తీసుకో అమ్మా" అంటే వద్దందట, అంతే. తన వైపు కొస వదలకుండా పట్టుకుని కూర్చుంది ఆమె. ఇవతలి కొస నీళ్ల డ్రమ్ములో పారేసుకుంది నేను!

పెళ్లికి ఒకరోజు ముందే దిగింది. గిన్నె నిండా అరిసెలు తెచ్చి, "ఎక్కువైనయి వదినా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం, ఏడ్చుకున్నాం.

మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవద్దని మన పెద్దల సామెత. క్లౌడ్ వచ్చింది కదా అని కాగితాన్ని పారేయకండి. మబ్బునూ నమ్ముదాం, ముంతనూ దాచుకుందాం.

ఈ ఆదివారం ఓ పూట

• మీ జీమెయిల్ పేరు, పాస్‌వర్డ్ తెలుసో లేదో చూసుకోండి. తెలీకపోతే ఫోను చేతిలో ఉండగానే మార్చుకోండి. రాసిన చీటీ బీరువాలో దాచండి, ఫోను కవరులో కాదు.

• సింక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొత్త నంబర్లు ఖాతాలోకే పోయేలా పెట్టుకోండి.

• నంబర్ల మూట ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి.

• ఒకే పేరు రెండు మూడుసార్లు ఉంటే యాప్‌లో 'మెర్జ్' నొక్కి కలిపేయండి.

• స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే ఫోను ఐఎంఈఐ నంబరు వస్తుంది. అదీ రాసి పెట్టుకోండి. ఫోను పోతే కంపెనీకి చెప్పి వెంటనే సిమ్ము ఆపించండి. పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరు ఇచ్చి ఫోనును బ్లాక్ చేయించొచ్చు. ఎవరైనా మీ ఫోనుతో డబ్బు కాజేస్తే 1930కి ఫోను చేయండి.

• ముఖ్యమైన పది నంబర్లు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. ఇంకో చీటీ పర్సులో ఉంచండి. వాటిలో రెండైనా నోటికి నేర్చుకోండి.

ఇప్పుడు మా వదిన నంబరు నా ఖాతాలో ఉంది, మెయిల్‌లో దాచిన మూటలో ఉంది, వంటింటి తలుపు వెనక అంటించిన కాగితం మీదా ఉంది. "అన్ని చోట్లెందుకే?" అంటారు మా ఇంటాయన. పేరులోనే కాగితమున్న ఊరి కోడలిని. ఆ మాత్రం కాగితాన్ని నమ్మకపోతే ఎలా చెప్పండి?